మాగే గది పక్కన మంచం

తులసమ్మ గురించి ఊళ్ళో చెలామణీలో ఉన్న మాటల్లో మొదటిది, ఆమె తెలిసి తెలిసి మనవరాలి ఊపిరితిత్తులకు పొగ పట్టించిందని. ఇది అబద్ధం. కోడలు సింధూర పుట్టింటికి వెళ్ళడానికి అత్తాకోడళ్ళ పోరే కారణమనీ, పిల్ల ఆయాసం ఒక సాకు మాత్రమేననీ మరో మాట. ఇదీ నిజం కాదు. మూడోది వీటికన్నా హాని చేసే మాట: పొగ వల్ల ఆ పిల్ల జీన్స్ చెడిపోయాయనీ, ఆ చెడు ఇక తరతరాలకూ పాకుతుందనీ. బెజవాడ డాక్టరు చెప్పినదాంట్లో సగం విని, మిగతా సగం ఎవరికి వారు కల్పించుకోగా తయారైన మాట ఇది. ఇక చివరిది పొగడ్త. డాక్టరు చెప్పిన రోజే తులసమ్మ ఇంటికొచ్చి కుంపటిని వీధిలోకి విసిరికొట్టిందని ఆమె అంటే అభిమానమున్నవాళ్ళు చెబుతారు. పొగడ్త అయినా సాక్ష్యానికి నిలవాలి. ఇది నిలవదు.

ఆ ఇంట్లోవాళ్ళను విడివిడిగా అడిగి, డాక్టరుతో కూడా మాట్లాడిన మీదట తేలిన సంగతి ఇది.

నూజివీడు నుంచి మైలవరం వెళ్ళే దారిలో రోడ్డుకు కాస్త లోపలగా ఉంటుంది ఆ ఊరు. ఊరికి మూడు వైపులా మామిడే. తులసమ్మ కాపురానికి వచ్చేనాటికి ఆమెకు వరి తెలుసు, మామిడి తెలియదు. అత్తగారు దగ్గరుండి నేర్పింది. ముచ్చిక దగ్గర భుజాలు లేచిన కాయనే కోయించాలి. సొన ఆరేదాకా గడ్డి మీదికి చేర్చకూడదు. చిన్నరసాన్నీ బంగినపల్లినీ ఒకే వరసలో పేర్చకూడదు. ఇవన్నీ వచ్చాక అసలు విద్య చెప్పింది. ఇంటి నడిమి గదిలో వరిగడ్డి పరిచి, కాయ పేర్చి, మళ్ళీ గడ్డి కప్పి, మూల కుంపటిలో ఊకా ఎండు మామిడాకూ రాజేయాలి. మంట లేవకూడదు, పొగ మాత్రమే రావాలి. తలుపు వేసి, సందుల్లో తడిపిన గోనెసంచులు కుక్కాలి. ఆ వేడికీ పొగకూ కాయ ఒకేలా రంగు తిరుగుతుంది.

తరవాతి కాలంలో చుట్టుపక్కల వ్యాపారులు కార్బైడ్ పొట్లాలకు అలవాటు పడ్డారు. పేపర్లలో వచ్చింది, అధికారులు వచ్చి దాడులు చేశారు, జనం బజారు పండంటే భయపడ్డారు. అప్పుడు తులసమ్మ పేరు బయటికి వచ్చింది. కొడుకు రవిచంద్ర ఫోన్లో ఆర్డర్లు తీసుకోవడం మొదలుపెట్టాడు. బెజవాడ నుంచీ హైదరాబాదు నుంచీ మనుషులు వెతుక్కుంటూ వచ్చారు. “కార్బైడ్ పొట్లం మా గడప తొక్కలేదండీ” అని ఆమె ప్రతి ఒక్కరికీ చెప్పేది. ఆ మాటలో వీసమెత్తు అబద్ధం లేదు. చిక్కల్లా అక్కడే వచ్చింది. విషమంటే కార్బైడే అని నమ్మిన ఇంట్లో, కార్బైడ్ లేని గది మీద ఎవరికీ అనుమానం రాలేదు.

మనవరాలు కీర్తిప్రియకు నాలుగేళ్ళప్పుడు వేసవి దగ్గు మొదలైంది. మరుసటి వేసవికి దగ్గుతోపాటు పిల్లికూతలు. ఏడేళ్ళు వచ్చేసరికి సెలవుల్లో పరుగెత్తడం మానేసి, ఆడుకునే పిల్లల్ని గుమ్మంలో కూర్చుని చూసేది. మధ్యాహ్నం ఆ పిల్ల నిద్రపోతుంటే తులసమ్మ చేతిలో పని ఆపి, గోడకు చెవి ఒగ్గి ఊపిరి వినేది. ఊపిరి వదిలేటప్పుడు సన్నగా కూత వచ్చేది. కూత వినబడితే భయం, వినబడకపోతే ఇంకా భయం; లేచి వెళ్ళి పొట్ట ఎగిరిపడుతోందో లేదో చూసి వచ్చేది.

కారణం ఏమిటన్న విషయంలో ఇంట్లో ఒక నిశ్చయానికి వచ్చేశారు. తోట. పూతలో పుప్పొడి ఉంటుందని సింధూర ఫోన్లో చదివింది. ఆమె బియస్సీ చదివి, నూజివీడులో ఒక ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెబుతుంది. తనకు తెలిసిన సైన్సుతో తానే ఒక నిర్ణయానికి వచ్చింది. మామగారు బసవపున్నారావు పురుగుమందును అనుమానించాడు. ఇద్దరి మందూ ఒకటే అయింది: పిల్లను బయటికి వదలకూడదు.

“అన్ని కిటికీలకీ ప్లాస్టిక్ షీటు కొట్టించేద్దాం మావయ్యగారూ. తోటగాలి లోపలికి రాకూడదు.”

“కొట్టించమ్మా. తలుపు కింద కూడా గుడ్డ పెట్టించు.”

“ఉక్కపోసి చస్తుంది పిల్ల,” అంది తులసమ్మ.

“ఉక్కపోస్తే ఫాను వేస్తాం. ఊపిరాడకపోతే ఏం వేస్తావే?” అన్నాడు భర్త.

ఆ మాటతో ఆమె ఊరుకుంది. కీర్తిప్రియ గది కిటికీలు వేసవి పొడుగునా మూసే ఉన్నాయి. ఆ గది మాగే గదికి ఆనుకుని ఉంటుంది. పిల్ల మంచం ఆ మధ్య గోడకే ఉండేది, ఎండ తగలని లోపలి గోడ అని. ఇంతమంది పెద్దవాళ్ళు, ఇంత ప్రేమతో, పిల్లను బయటిగాలి నుంచి కాపాడి లోపలిగాలికి అప్పగించారు.

ఒక విషయం మాత్రం అప్పుడే ఎవరికైనా తట్టవలసింది. మామిడి చలికాలంలో పూస్తుంది. పురుగుమందులు ఎక్కువగా కొట్టేదీ పూత మీదే. పిల్లకు ఆయాసం వచ్చేది వేసవిలో, కాయ దిగాక. పూతే కారణమైతే పూత రోజుల్లో పిల్ల హాయిగా బడికి ఎలా వెళ్ళింది? ఆ ఇంట్లో అందరికీ పూత ఎప్పుడు వస్తుందో తెలుసు, దగ్గు ఎప్పుడు వస్తుందో తెలుసు. రెంటినీ పక్కపక్కన పెట్టి చూసినవాళ్ళు లేరు. భయం మనిషిని ఏదో ఒకటి చేయమంటుంది. నిలబడి ఆలోచించనివ్వదు.

చిన్నరసాలు జోరుగా దిగుతున్న రోజుల్లో ఒక ఉదయం కీర్తిప్రియ మాట పూర్తిచేయలేకపోయింది. “నానమ్మా, నీ...” అని ఆగి, ఊపిరి పీల్చుకుని, “నీళ్ళు” అంది. పెదవుల చుట్టూ రంగు మారింది. అందరూ కారులో బెజవాడ వెళ్ళారు.

పిల్లల డాక్టరు జెరూషా ముందు నెబ్యులైజర్ పెట్టించి, పిల్ల తేరుకున్నాక గొట్టంలోకి ఊదించింది. తెరమీద గీత లేచి త్వరగానే పడిపోయింది. ఆ వయసుకూ ఆ ఎత్తుకూ ఉండవలసిన దానికన్నా బాగా తక్కువని డాక్టరు చెప్పింది. తరవాత, నిరుడు దగ్గుకు చూపించినప్పుడు అడిగిన ప్రశ్నలే మళ్ళీ అడిగింది.

“ఇంట్లో ఎవరైనా సిగరెట్ తాగుతారా?”

“మా ఇంటావంటా లేదమ్మా,” అన్నాడు బసవపున్నారావు.

“కట్టెల పొయ్యి?”

“ఎప్పుడో తీసేశామండీ. గ్యాసే,” అంది సింధూర.

“దోమల చక్రాలు?”

“కిటికీలకి మెష్ ఉందండీ. ఇప్పుడైతే షీట్లు కూడా కొట్టించాం.”

జెరూషా కలం కింద పెట్టింది. ప్రశ్నలు సరిగ్గా లేవని ఆమెకు అనిపించిందట. కుర్చీ తులసమ్మ వైపు తిప్పింది.

“మామ్మగారూ, నేను మీ ఇంటికి వచ్చాననుకోండి. వీధి గుమ్మం దగ్గర్నుంచి నాకు ఇల్లంతా చూపించండి. ఇక్కడ కూచునే.”

“డాక్టరమ్మా, దీన్ని కదిపారా, ఇవాళ మీ ఓపీ మూసుకోవాల్సిందే,” అన్నాడు బసవపున్నారావు. పిల్ల తేరుకుందన్న ఊరటలో రవిచంద్ర నవ్వాడు కూడా.

తులసమ్మ భర్త వైపు చూడలేదు. తన ఇల్లు చూపించమని అడిగినందుకు ఆమెకు సంతోషంగానే ఉంది. వసారా, ముందు గది, పిల్ల గది చెప్పింది. “దాని పక్కది కాయ గదండీ. ఇప్పుడు నిండుగా ఉంది. మాది కార్బైడ్ కాయ కాదు. మా అత్తగారు నేర్పిన పద్ధతి. గడ్డేసి, ఊకా ఎండాకూ రాజేసి...”

“రాజేసి?”

“పొగ పెడతామండీ. మంట రానివ్వం. ఆ పొగకే కాయ బంగారంలా తిరుగుద్ది. ఒక గదినిండా కాయ తీసేసరికి మళ్ళీ గదికి సరిపడా కాయ వస్తుంది. సీజన్ అయ్యేదాకా కుంపటి ఆరదు.”

“ఆ గదికీ పాప గదికీ మధ్య ఏముంది?”

“గోడండీ. తలుపు సందులన్నీ తడిగోనెలు పెట్టి మూసేస్తాను.”

“గోడ కప్పు దాకా ఉందా?”

జవాబు రవిచంద్ర చెప్పాడు. “పెంకుటిల్లండీ. గోడ దూలం దాకే ఉంటుంది. ఆపైన ఖాళీ.”

సింధూర అత్తగారి వైపు కాక తన చేతుల వైపు చూసుకుంది. కిటికీలు మూయించినది ఆమె.

డాక్టరు ఆ రోజు చెప్పినదాన్ని ఉన్నదున్నట్టు చెప్పడం అవసరం, ఎందుకంటే పుకారు పుట్టింది ఇక్కడే. ఆకూ ఊకా సరిగా మండక కుమిలినప్పుడు వచ్చే పొగలో కంటికి కనబడనంత సన్నని నుసి ఉంటుంది. అది గొంతులో ఆగక ఊపిరితిత్తుల అడుగుదాకా పోతుంది. ఒంటి బరువుతో పోల్చుకుంటే పిల్లలు పెద్దవాళ్ళకన్నా ఎక్కువ గాలి పీలుస్తారు, వాళ్ళ శ్వాసనాళాలు ఇరుకు. పైగా ఊపిరితిత్తులు యౌవనం వచ్చేదాకా పెరుగుతూనే ఉంటాయి. పెరిగే వయసులో ఏటేటా వాపు వస్తుంటే ఆ పెరుగుదల వెనకబడవచ్చు. ఇంతవరకూ అందరికీ అర్థమైంది. సింధూర మరో ప్రశ్న వేసింది.

“మా రెండు వైపులా ఎవరికీ ఆస్తమా లేదండీ. జీన్స్‌లో లేనిది దీనికెలా వచ్చింది?”

జెరూషా బసవపున్నారావును అడిగింది. “మీ తోటలో నిరుడు విరగకాసిన చెట్టు ఈ ఏడు కాయలేదనుకోండి. చెట్టు మారిపోయిందంటారా?”

“చెట్టెందుకు మారుద్దమ్మా? చెట్టదే. ఈ ఏడు దానికి కాపు లేదు, అంతే.”

“జీన్స్ కూడా ఆ చెట్టులాంటివే. పొగ ఆ చెట్టును మార్చదు. ఏ కొమ్మ ఎప్పుడు పని చేయాలి, ఏది ఊరుకోవాలి అన్న పెత్తనంలో వేలు పెట్టొచ్చు. జీన్స్ మీద చిన్న చిన్న రసాయన గుర్తులు పడతాయి. ఒంట్లో వాపును అదుపు చేసే జీను పని తగ్గిందనుకోండి, చిన్న జలుబుకే పిల్లకి ఇంత ఆయాసం వస్తుంది.”

“అవి చెరిగిపోతాయా?” అంది తులసమ్మ.

“కొన్ని మారొచ్చు. అన్నీ అని చెప్పలేను. మీ పాపకి ఆ గుర్తులు ఉన్నాయని కూడా నేను చెప్పడం లేదు, ఆ పరీక్ష నేను చేయలేదు. పొగ ఆపండి, మందు మానకండి. వచ్చే వేసవికి మళ్ళీ ఊదిద్దాం. ఎంత పోయిందో, ఎంత తిరిగొస్తుందో అప్పుడు కొంత తెలుస్తుంది.”

ఈ విషయంలో తెలిసినది ఇంతే. మురికిగాలి పీల్చే పిల్లల్లో, రోగనిరోధక వ్యవస్థను అదుపులో ఉంచే కొన్ని జీన్స్ మీద అలాంటి గుర్తులు తేడాగా కనబడ్డాయని కొన్ని అధ్యయనాలు చెబుతున్నాయి. అవి వందల మంది పిల్లల్ని కలిపి చూసి చెప్పిన మాటలు. ఒక్క పిల్లను చూపించి, ఈమెకు ఇలా జరిగిందని వాటి ఆధారంగా తీర్పు చెప్పడం కుదరదు. తరతరాలకూ పాకుతుందని ఆ గదిలో ఎవరూ అనలేదు.

ఇంటికి వచ్చేసరికి మాగే గదిలో కాయ సగం రంగులో ఉంది. మెచ్చుకునేవాళ్ళు చెప్పే కథ ఇక్కడ తప్పుతుంది. తులసమ్మ కుంపటి విసిరికొట్టలేదు. పిల్ల మంచాన్ని ముందు గదిలోకి మార్పించి, మర్నాడు మళ్ళీ ఊక రాజేసింది.

ఆమె వాదన ఆమెకుంది. “రవిని ఈ ఇంట్లోనే పెంచాను. ఇదే గది, ఇదే పొగ. వాడికేమైంది?” ఈ వాదన చాలా ఇళ్ళల్లో వినబడుతుంది కనుక తూచి చూడాలి. ఒకడికి ఏమీ కాకపోవడం, ఇంకొకరికి కాదనడానికి రుజువు కాదు. అదీగాక అప్పటి పొగా ఇప్పటి పొగా ఒకటి కావు. రవిచంద్ర చిన్నతనంలో కాయ చాలావరకు పచ్చిగానే మార్కెట్‌కు పోయేది. ఇంటికీ చుట్టాలకూ సరిపడా మాత్రమే మాగబెట్టేవారు. ఫోన్ ఆర్డర్లు వచ్చాకనే కుంపటి సీజనంతా ఆరకుండా ఉండడం మొదలైంది. అప్పుడు కిటికీలు తెరిచి ఉండేవి, పిల్లవాడు పగలంతా తోటలో తిరిగేవాడు. ఇల్లు అదే అయినా పిల్లలు పీల్చిన గాలి వేరు.

వేసవి క్లాసులు చెప్పడానికి వెళ్ళిన సింధూర బడి నుంచి వచ్చేసరికి పెంకుల సందుల్లోంచి పొగ లేస్తోంది.

“అత్తయ్యా, మీరు ఆర్పుతారా, నన్ను నీళ్ళు పొయ్యమంటారా?”

“మంచం ముందు గదిలోకి మార్చాను కదే అమ్మాయ్. ఈ ఒక్క గదీ తియ్యనీ. ఇప్పుడు ఆర్పితే కాయ నల్లబడి పోద్ది. సగం రంగులో ఉంది.”

“పిల్ల పెదాలు ఏ రంగులో ఉన్నాయో నిన్న చూశారు కదా?”

“నేను చూడలేదంటావా? దాని ఊపిరి వింటూ కూచునేదాన్ని నేను. నువ్వు బడికి పోతావు.”

“వింటూ కూచున్నారు. పక్కన పొగ పెట్టి వింటూ కూచున్నారు.”

రవిచంద్ర ఇద్దరి మధ్యా నిలబడి, “అమ్మా, రెండ్రోజులు...” అని ఏదో మొదలుపెట్టాడు. ఎవరి పక్షాన ఆ మాట అంటున్నాడో అతనికే తెలిసినట్టు లేదు. సింధూర సంచీలో పిల్ల బట్టలూ ఇన్‌హేలరూ సర్దింది. సాయంత్రానికి తల్లీ పిల్లా ఉంగుటూరులో ఉన్నారు. దీన్ని పుట్టింటికి అలిగి పోవడం అన్నారు ఊళ్ళో. నిజానికి ఆమె పిల్లను పొగలోంచి తీసుకుపోయింది. ఆ పరిస్థితిలో ఆమె చేయగలిగిన సరైన పని అది ఒక్కటే.

తల్లీ పిల్లా వెళ్ళాక తులసమ్మ చేసిన పని ఎవరికీ చెప్పి చేయలేదు. ఒకే చెట్టున ఒకే పూట కోసిన కాయలు ఏరింది. అన్నీ గట్టివే, పచ్చివే, భుజాలు ఒకేలా లేచినవి. ఒకటి పిల్ల పాత గదిలో, మంచం ఉండే చోట పీట వేసి పెట్టింది. ఒకటి ముందు గదిలో, ఇప్పుడు మంచం ఉన్న చోట. ఇంకొకటి తోటలో కాపలా పాకలో. డాక్టరు మాట నిజమో, భర్త మాట నిజమో ఆమె తేల్చుకోదలిచింది. పొగ పెంకుల్లోంచి పైకి పోతుందని బసవపున్నారావు మాట. గోడ మీదుగా దిగుతుందని డాక్టరు మాట.

పిల్ల గదిలో కాయ ముందు మెత్తబడింది. ముచ్చిక దగ్గర నొక్కితే వేలు దిగింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే పండు వాసన కింద ఊక వాసన. ముందు గదిలో కాయ కూడా రంగు తిరగడం మొదలైంది. పాకలో కాయ రాయిలా ఉంది.

దీన్ని శాస్త్రం అనుకోకూడదు. పక్క గది నిండా కాయ మాగుతుంటే, ఆ కాయ నుంచి వచ్చే వాయువుకే దగ్గర్లో ఉన్న పచ్చికాయ మాగుతుంది. పొగ లేకపోయినా కొంతవరకు అలాగే జరిగేది. ఇంట్లో వేడి వేరు, పాకలో వేడి వేరు. పొగ పిల్లకు ఎంత హాని చేసిందో ఆ కాయ చెప్పలేదు. కానీ ఆమె వేసుకున్న ప్రశ్న చిన్నది: ఆ గదిలో గాలి ఈ మంచం దగ్గరికి వస్తోందా, లేదా? ఆ ప్రశ్నకు జవాబు వచ్చింది. మంచం ముందు గదిలోకి మార్చి తాను పిల్లను కాపాడుకోలేదని కూడా తెలిసింది. జెరూషాను అడిగితే ఆమె అన్నదీ ఇదే: “దాన్ని నేను పరీక్ష అననండీ. కానీ ఆవిడ అడిగిందానికి సరైన జవాబే.”

తులసమ్మ బిందెడు నీళ్ళు తెచ్చి కుంపటిలో పోసింది.

“ఏంటే ఆ చప్పుడు?” అన్నాడు బసవపున్నారావు వసారాలోంచి.

“ఆర్పేశాను.”

“కాయ?”

“పోనివ్వండి.”

“జనానికి ఏం చెప్తావు?”

“జనానికి మీరు చెప్పండి. ఉంగుటూరు వెళ్ళి పిల్లకేం చెప్పాలో నేను చూసుకుంటాను.”

ఆ గదిలో కాయ చాలావరకు పాడైంది. తరవాత దిగిన కాయను తోటలో గోడల్లేని పాకలో, పొగ లేకుండా, గడ్డి మీదే మాగబెట్టారు. ఆలస్యమైంది. రంగు ఒక్కలా రాలేదు. ఒక కాయ పసుపు, ఒక కాయ ఇంకా ఆకుపచ్చ. హైదరాబాదు నుంచి ఒకావిడ ఫోన్ చేసింది. “ఈసారి రంగు లేదేంటండీ?” తులసమ్మ కొడుకు చేతిలోంచి ఫోన్ తీసుకుంది. “ఇన్నాళ్ళూ రంగు నేను తెప్పించేదాన్నండీ. ఇప్పుడు మానేశాను. రెండ్రోజులాగి తినండి.”

పిల్లను తెచ్చుకోవడం అంత తొందరగా జరగలేదు. ఉంగుటూరు వెళ్ళినప్పుడు సింధూర మంచినీళ్ళిచ్చింది కానీ పంపిస్తానని అనలేదు. “చూసొస్తాను అత్తయ్యా, తరవాత చెప్తాను,” అంది. వచ్చి చూసింది. షీట్లు ఊడదీసి ఉన్నాయి. మాగే గది కడిగి, సున్నం వేసి, తలుపు బార్లా తెరిచి ఉంది. ఆ గదిలో సింధూర చాలాసేపు నిలబడింది. “కిటికీలు మూయించింది నేనే కదత్తయ్యా,” అంది. “మూయించమని ఆయనా అన్నారు, నేనూ ఊరుకున్నాను,” అంది తులసమ్మ. వాళ్ళిద్దరి మధ్యా దీని గురించి అంతకుమించి మాటలు జరగలేదు. బడులు తెరిచే వేళకు కీర్తిప్రియ ఇంటికొచ్చింది.

అయితే ఆ ఊళ్ళో కార్బైడ్ లేని కాయ అంటే తులసమ్మ పద్ధతే. ఆమె నేర్పగా ఇంకొన్ని ఇళ్ళల్లో అలాగే పొగ పెడుతున్నారు. రెండు వీధుల అవతల ఉండే సవరమ్మ ఇంట్లో పసిబిడ్డ ఉంది, కూతురు పురిటికొచ్చి ఉంది. తులసమ్మ అక్కడికి వెళ్ళింది.

“రా అక్కా,” అంది సవరమ్మ. వెంటనే గొంతు తగ్గించి, “మీ పిల్లకి జీన్సేవో చెడిపోయినాయంట కదా? రేపు దాని పిల్లలక్కూడా వస్తదంట?”

“ఎవరు చెప్పారు?”

“అందరూ అంటున్నారు.”

“అందరూ డాక్టరు దగ్గరికొచ్చారా? నేను వెళ్ళాను. చెట్టు మారదంది. కాపు మారొచ్చంది. అదీ మా పిల్లకి మారిందో లేదో తెలీదంది. నీ మాట అటుంచు, మీ కాయ గది ఎక్కడ?”

“ఎక్కడేంటి, నువ్వు చూపించిన చోటే. పడగ్గది పక్కన.”

“ఆర్పెయ్యి.”

సవరమ్మ నవ్వేసింది. “భలేదానివే అక్కా. నువ్వే నేర్పావు, నువ్వే మాన్పిస్తావు. నిరుడు పొగ తక్కువేశానని నలుగురిలో తిట్టావు, గుర్తుందా?”

“గుర్తుంది. తిట్టాను. ఇప్పుడు నువ్వు తిట్టు, పడతాను. పసిగుడ్డుని మాత్రం ఆ గోడ పక్కన పడుకోబెట్టకు.”

ఈసారి సవరమ్మ నవ్వలేదు. ఆ సాయంత్రమే కుంపటి ఆర్పి, గడ్డీ కాయా పశువుల పాకలోకి మార్పించింది. మరో ఇంటివాళ్ళు విన్నారు. రెండిళ్ళవాళ్ళు వినలేదు, పేరంతా తానొక్కతే దక్కించుకోవడానికి తులసమ్మ అడ్డం పడుతోందని అన్నారు. ఆ ఇళ్ళల్లో ఇంకా పొగ పెడుతున్నారు. ఒక ఇంట్లో పిల్లలున్నారు.

తరవాతి చలికాలం తోట పూసింది. కీర్తిప్రియను ఎవరూ కట్టడి చేయలేదు. ఆ పిల్ల పూత రాలిన చెట్ల కింద పరుగెత్తుతుంటే ఇంట్లో ముగ్గురు నలుగురు పనులు ఆపి చూసేవారు. ఒకసారి జలుబు చేసి దగ్గింది. ఆ వారం ఇంట్లో ఎవరికీ సరిగా నిద్రలేదు. కూతలు రాలేదు. వేసవి వచ్చింది, కాయ దిగింది, సెలవులు వచ్చాయి. తులసమ్మ మధ్యాహ్నాలు గోడకు చెవి ఒగ్గడం మానలేదు.

మళ్ళీ బెజవాడ వెళ్ళినప్పుడు పిల్ల గొట్టంలోకి ఊదుతుంటే తులసమ్మ గది బయటే ఉండిపోయింది. లోపలికి రమ్మంటే రాలేదు. జెరూషానే బయటికి వచ్చి చెప్పింది.

“నిరుటికన్నా మెరుగు. కానీ ఎత్తుకి తగ్గట్టు ఇంకా లేదు మామ్మగారూ. వెనకే ఉంది, అయితే పెరుగుతోంది. మందు తగ్గిస్తాను, ఆపను.”

“వెనకున్నది నిండుద్దా?”

“నిండొచ్చు. కొంత లోటు ఉండిపోనూవచ్చు. ఏటా చూస్తూ పోవాలి.”

“ఇది నేను చేసిందేనా?”

డాక్టరు తప్పించుకోలేదు. “చాలావరకు ఆ గదే అనుకుంటున్నాను. మొత్తం అదేనని చెప్పలేను.”

“చాలావరకు,” అంది తులసమ్మ.

ఆ మెరుగులో పొగ ఆపడం పాలు ఎంత, ఏడాది పొడుగునా క్రమం తప్పక వాడిన మందు పాలు ఎంత, తెరిచిన కిటికీల పాలు ఎంత అన్నది విడదీసి చెప్పే సాధనం ఎవరి దగ్గరా లేదు. పిల్ల జీన్స్ మీద గుర్తులు ఉన్నాయో లేవో ఎవరూ పరీక్షించలేదు. కాబట్టి ఆ విషయంలో నిశ్చయంగా మాట్లాడే హక్కు ఊళ్ళో ఏ ఒక్కరికీ లేదు.

తులసమ్మ చేసినది ఇది. తెలియక కొన్ని వేసవులు పిల్ల పక్క గదిలో పొగ పెట్టింది. తెలిశాక కూడా, ఒక గది కాయ కోసం, ఇంకొకసారి పెట్టింది. తరవాత తానే చూసుకుని ఆర్పింది, మళ్ళీ రాజేయలేదు. తాను నేర్పిన ఇళ్ళకు వెళ్ళి మానమని చెప్పింది. మొదటి రెండు పనుల వల్ల కీర్తిప్రియ ఊపిరి ఎంత తగ్గిందో, మూడోదాని వల్ల ఎంత దక్కుతుందో, నాలుగోదాని వల్ల ఇంకెందరు పిల్లల ఊపిరి దక్కుతుందో ఇంకా తేలలేదు.